లోద్రవా శిథిలాల్లో తిరగేసిన అంగరఖా

ఎడారి చూడాలని నేను ఏనాడూ అనుకోలేదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట కింద పుట్టినవాడికి ఇసుక చూడాలన్న కోరిక ఎందుకు పుడుతుంది? అయినా పోయి వచ్చాను. వచ్చిన రోజు నుంచి కనిపించిన ప్రతివాడూ "ఏం నర్సయ్యా, ఒంటె ఎక్కినవట, ఇసుకల కోట ఎట్లున్నది" అని ఆపుతున్నాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. బడి పంతులు ఒక నోటుబుక్కు ఇచ్చి రాసిపెట్టమన్నాడు. ఇకమీదట అడిగినవాడి చేతిలో ఈ బుక్కు పెట్టి నా పని నేను చేసుకుంటాను.

నేను దర్జీని. ఘేవర్‌చంద్ సేటు బట్టల దుకాణం అరుగు మీద నా మిషను. లోపల సేటు గుడ్డ చింపుతాడు, బయట నేను కుడతాను. రావిర్యాల నుంచి, కోహెడ నుంచి పెళ్ళివాళ్ళు బండ్లు కట్టుకుని మా దగ్గరికే వస్తారు. రజాకార్ల రోజుల్లో తుపాకులు మిషను పక్కన పెట్టి ఖాకీ చొక్కాలు కుట్టమన్నారు, కుట్టాను. సంగంవాళ్ళు, అంటే కమ్యూనిస్టులు, వచ్చి ఎర్రజెండాలు కుట్టమన్నారు, కుట్టాను. యూనియన్ మిలిట్రీ దిగిన తెల్లారి ఊరి పెద్దలు మూడు రంగుల జెండా కుట్టమన్నారు, అదీ కుట్టాను. ఆ కష్టకాలంలో మా ఊళ్ళో పనికి కరువు లేని మనిషిని నేనొక్కణ్ణే.

తర్వాత ఎవరో పుణ్యాత్ముడు మిలిట్రీ క్యాంపులో నా పేరు చెప్పాడు. ఎర్రజెండాలు కుట్టినవాడని పట్టీలో ఎక్కించారు. అఫ్సరు పిలిపించి అడిగితే "ఎర్ర గుడ్డ నా మిషను కిందికే రాలే సాబ్" అన్నాను. "మరి మీ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు ఏ రంగు కడతారు?" అన్నాడాయన.

అప్పుడు సేటు అడ్డుపడ్డాడు. కొడుకు పెళ్ళి తమ దేశంలో, జైసల్మేరులో ఉందనీ, పెళ్ళికొడుకు బట్టలు ఈ దర్జీయే కుట్టాలనీ, తీసుకుపోయి తిరిగి తెచ్చి అఫ్సరు ముందు నిలబెడతాననీ చెప్పాడు. అఫ్సరు రెండు నెలలు గడువిచ్చాడు. వచ్చాక సేటు నా గురించి మంచి మాట చెబితే పేరు కొట్టేస్తారు. చెప్పకపోతే పట్నం జైలు. అంటే నా మెడ సేటు నాలుక మీద ఉందన్నమాట.

నా భార్య ఎల్లమ్మ రెండు శేర్ల చింతపండు మూటకట్టి ఇచ్చి ఒక్కటే చెప్పింది. "సేటుకు కోపం రానియ్యకు. నోరు మూసుకొని కుట్టు."

మన్మాడు

మీర్‌పేట మీదుగా ఎద్దుబండి, కాచిగూడలో రైలు. సేటు, ఆయన కొడుకు పూనం, నేను. పూనం మా ఊళ్ళోనే పుట్టాడు, మా చెరువులోనే ఈత నేర్చాడు. మారువాడీ వాడికి తాతముత్తాతల భాషే గానీ, మాట్లాడితే సేటే నవ్వుతాడు. కూర్చున్న దగ్గర నుంచి వాడు నా చెవి కొరుకుతూనే ఉన్నాడు. "నర్సన్నా, గా పిల్ల నేను మాట్లాడేది విని నవ్వితే ఏం జెయ్యాలె?"

"నువ్వు గూడ నవ్వు. పెండ్లాల ముంగట గంతకంటె ఉపాయం లేదు."

మన్మాడులో దిగి చాయ తాగాను. చాయ ఒక అణా. చార్మినారు బొమ్మ ఉన్న మా రాజ్యపు నాణెం, హాలీ అణా ఇచ్చాను. చాయవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది ఏ దేశానిది?" అన్నాడు.

"మొన్నటిదాకా దేశమే ఉండె" అన్నాను నా దక్కనీ ఉర్దూలో.

వాడు నవ్వి, నాణెం తిరిగి ఇచ్చి, చాయ మాత్రం ఊరికే పోశాడు. పోయిన రాజ్యం మీద జాలిపడి చాయ పోసినవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను. చాయలో అల్లం బాగుంది.

జోధ్‌పూర్ ప్లాట్‌ఫారం

ఇక్కడ ఒక పూట ఆగాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం నిండా సింధు నుంచి వచ్చేసిన కుటుంబాలు. ట్రంకుపెట్టెలు, పరుపులు, పిల్లలు, వాటి మధ్య ఒక మిషను. మిషను కనబడితే నా కాళ్ళు అటే పోతాయి. దాని వెనక నా వయసు మనిషి ఒకడు ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఎవరిదో పైజామా కుడుతున్నాడు.

"సూది ఎంత నంబరు?" అని అడిగాను. నంబరు చెప్పాడు. మాది కూడా అదే. ఇక చుట్టరికం కలిసిపోయింది. ఆయన నాకు ఒక పాపడం కాల్చి పెట్టాడు, నేను ఆయన మిషనులో ఇరుక్కున్న దారం తీసిచ్చాను. ఇల్లు ఎట్లా వదిలిపెట్టావని అడిగాను. తాళం వేసి, తాళంచెవి పక్కింటాయనకు ఇచ్చి వచ్చాడట. పక్కింటాయన చెట్లకు నీళ్ళు పోస్తానని మాట ఇచ్చాడట.

"పోస్తున్నాడంటావా?" అన్నాడు నాతో.

పోస్తున్నాడనే చెప్పాను. ఇంకేం చెప్పను? రైలెక్కాక నాకు మా ఇల్లు, ఎల్లమ్మ, అరుగు మీద గోనెపట్టా కప్పిన నా మిషను గుర్తుకొచ్చాయి. తిరిగిపోవడానికి నాకు ఊరుంది, పోయాక ఉండనిస్తారో లేదో తెలియదు. ఆ రాత్రి పూనం ఇచ్చిన లడ్డు కూడా రుచించలేదు.

జైసల్మేరు

పోకరణ్‌లో రైలు పట్టాలు అయిపోయాయి. అక్కడి నుంచి లారీ. లారీలో నేను మేకల మధ్య కూర్చున్నాను, లేదా మేకలే నా మధ్య కూర్చున్నాయి. దిగేసరికి నా తలా మీసాలూ ఇసుక పట్టి తెల్లగా అయ్యాయి. సేటు వాళ్ళ అమ్మ నన్ను చూసి, దర్జీ బాగా ముసలివాడే, కళ్ళు కనబడతాయా అని అడిగింది. మొహం కడుక్కున్నాక పాతికేళ్ళు తగ్గించింది.

ఆమెను అందరూ మాసా అంటారు. ఎనభై ఏళ్ళు ఉంటాయి. పిడికెడు మనిషి. ఇంట్లో ఆమె దగ్గితే కోడళ్ళంతా నిలబడతారు.

ఊరు మొత్తం పసుపురాయి. గడప నుంచి గవాక్షం దాకా చెక్కడాలే. రాయికి కొదవ లేదు, నీళ్ళకే కటకట. స్నానానికి నాకు ఒక పీట, పీట కింద ఒక పళ్ళెం, ఒక చెంబు నీళ్ళు ఇచ్చారు. ఆ చెంబెడు నీళ్ళు నా మీద నుంచి పళ్ళెంలోకి దిగాయి, పళ్ళెంలో నుంచి ఒంటె గోలెంలోకి పోయాయి. నేను స్నానం చేసిన నీళ్ళు ఒంటె తాగుతూ నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. అంట్లు ఇసుకతోనే తోముతారు. మా చెరువు అలుగు పారితే రోడ్డు మునుగుతుందని చెబితే సేటు బంధువులు మర్యాదగా తల ఊపారు. ఒక్కరూ నమ్మలేదు.

తిండి సంగతి చెప్పాలి. సజ్జరొట్టె మనదే, దాని మీద గుంట చేసి నెయ్యి పోస్తారు, అది మనది కాదు. కూర మాత్రం నన్ను బిత్తరపోయేలా చేసింది. జమ్మికాయలు. మనం దసరాకు మొక్కి, ఆకు తెంపి బంగారమని చేతుల్లో పెట్టుకునే జమ్మి చెట్టు కాయలను వాళ్ళు ఎండబెట్టి కూర వండుకుంటారు. మొదటి ముద్దకు మనసులో దండం పెట్టుకుని తిన్నాను. మూడో రోజుకు దండం మానేసి రెండోసారి వడ్డించమన్నాను.

వాళ్ళు జైనులు. ఉల్లిగడ్డ ఇంట్లోకి రాదు, పొద్దు మునిగాక తిండి లేదు. వారం రోజులకు నాకు ఉల్లిగడ్డ కలలోకి వచ్చింది. ఒంటెలు తోలే ఉమర్‌ను బతిమాలితే ఒకటి తెచ్చాడు. ఊరి బయట ఇసుకదిబ్బ వెనక కూర్చుని, పచ్చిది, రొట్టెతో కరకర నమిలాను. ఇంటికొచ్చి గడప దాటకముందే మాసా ముక్కు మీద కొంగు పెట్టుకుంది. ఆ పూట నా రొట్టె పశువుల కొట్టం అరుగు మీదికి వచ్చింది.

పని విషయానికి వస్తే, పెళ్ళయిన మూడో రోజు కొత్త జంట లోద్రవాలో పాత గుడికి పోయి మొక్కాలి. అది వాళ్ళ ఆనవాయితీ. ఆ మొక్కుకు పెళ్ళికొడుకు వేసుకునే అంగరఖా నా చేతి కుట్టు కావాలి. అంగరఖా అంటే పాతకాలపు పొడుగు చొక్కా. గుండీలుండవు. ముందువైపు గుడ్డ రెక్కను రొమ్ము మీదుగా తెచ్చి చంక కింద నాడాలతో కట్టాలి. పట్నంలో మా ఉస్తాదు దగ్గర ఇటువంటివి ఎన్నో కుట్టాను. పైన కుంకుమపువ్వు రంగు పట్టు సేటు కొన్నాడు. చలికాలం కాబట్టి లోపలి పొరగా దళసరి అస్తరు వెయ్యాలి. జోధ్‌పూర్ నుంచి రావలసిన అస్తరు గుడ్డ రాలేదు.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. నా మూట అడుగున చింతపండు కింద ఒక ఎర్ర గుడ్డ ఉంది. సంగంవాళ్ళ జెండాలకు కొన్న తానులో మిగిలింది. ఇంట్లో ఉంచితే సోదా చేస్తారు, కాలిస్తే ఎల్లమ్మ మంచి గుడ్డ తగలేశావని తిడుతుంది. ఎడారిలో ఎక్కడో పారేద్దామని తెచ్చాను. తీరా చేతికొచ్చిన కొత్త గుడ్డను ఇసుకలో పారెయ్యడానికి దర్జీకి మనసొప్పుతుందా? అస్తరు లోపల ఉంటుంది, ఎవడు చూస్తాడు? ఎర్ర గుడ్డను దాచడానికి ఇంత దూరంలో పెళ్ళికొడుకు వీపు కన్నా మంచి చోటు దొరకదనిపించింది. చేతుల దాకా మొత్తం వేసేశాను. కుట్టు ఎంత శుభ్రంగా వచ్చిందంటే, నాకే ముద్దొచ్చింది.

లోద్రవా

ఊరి నుంచి ఐదు కోసులు. చీకటితో బయలుదేరాం. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పూనం అంగరఖా మీద రెండు శాలువాలు కప్పుకుని ఒంటె మీద బిగుసుకుపోయాడు. కొత్తకోడలూ మాసా ఎద్దుబండిలో. నేను ఉమర్ ఒంటె మీద, అతని వెనక. ఒంటె లేచేటప్పుడు ముందుకు పడబోయి ఉమర్ మెడ పట్టుకున్నాను, కూర్చునేటప్పుడు వెనక్కి పడబోయి మళ్ళీ అదే పట్టుకున్నాను. అతనికి అలవాటే అనుకుంటా.

లోద్రవా ఒకప్పుడు కోట నగరమని సేటు చెబితే, గోలకొండ లాంటిది కనబడుతుందని ఎదురుచూశాను. ఎండిన వాగు ఒకటి దాటాం. రాళ్ళు, ముళ్ళకంప, ఇసుక. దూరంగా ఒక గుడి. నాకు ఒంటె కుదుపుకు కడుపులో గడబిడగా ఉంది. చెంబు పట్టుకుని ఒక మట్టిదిబ్బ వెనక్కి పోయి వచ్చాను. వచ్చి, గుడి కాపలా ఉన్న ముసలాయనను "నగరం ఇంకా ఎంత దూరం?" అని అడిగాను.

"నగరంలోనే నిలబడ్డావు. ఇప్పుడు నువ్వు వచ్చింది రాజుగారి దర్బారు వెనక నుంచి."

మా సేటు మొహం తిప్పుకున్నాడు. నేను చెంబు వెనక దాచుకున్నాను.

ముసలాయన మాత్రం ఉత్సాహంగా నన్ను తిప్పి చూపించాడు. ఒకప్పుడు ఈ నగరానికి పన్నెండు దర్వాజాలట. ఒక్కోటీ ఏనుగు పట్టేంత. "ఇదొకటి" అని ఒక రాళ్ళకుప్ప చూపాడు. "ఇదొకటి" అని ఇంకో రాళ్ళకుప్ప. ఐదోదాని దగ్గర నాకు రెండోదే మళ్ళీ చూపిస్తున్నాడని అనుమానం వచ్చింది. కానీ ఒకచోట గోడ మనిషెత్తున ఇంకా మిగిలి ఉంది. పసుపురాళ్ళు సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి దిగేసినట్టు కూర్చున్నాయి. వేలి గోరు దూరదు. అంత బాగా పనిచేసినవాడు, అంత గట్టి గోడలో కాపురమున్నవాడు ఎట్లా పోయాడా అనిపించింది.

"ఇంత కోట ఎట్లా పడింది?" అని అడిగాను.

"బయట నుంచి పడలేదు. లోపలివాడే ఎవడో దర్వాజా తీశాడంటారు. తెల్లారేసరికి ఊరు లేదు."

"ఎవడు తీశాడు?"

ముసలాయన నవ్వాడు. "ఎవరిని అడిగితే వాళ్ళు తమకు గిట్టనివాడి తాత పేరు చెబుతారు."

క్యాంపులో నా పేరు చెప్పినవాడెవడో అని నేను ఇన్నాళ్ళుగా ఊళ్ళో ఒక్కొక్కణ్ణీ అనుమానిస్తున్నాను. వరుసగా నాకు గిట్టనివాళ్ళే తట్టారు. సిగ్గేసింది.

పడిపోయిన గోడ నీడలో

ఎండ ఎక్కింది. గుడి ముందు చెక్కిన రాతి తోరణం, దాని వెనక గుడి, లేతగా మెరుస్తున్నాయి. పూనం శాలువాలు తీసేసి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. కుంకుమపువ్వు రంగు అంగరఖాలో నిజంగా రాకుమారుడిలా ఉన్నాడు. నా ఛాతీ ఉబ్బింది.

మాసా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. వాడి కుడి చంక కిందికి వంగి చూసింది. తర్వాత ఉమర్‌ను పిలిచి చెయ్యి ఎత్తమంది. ఉమర్ అంగరఖా కూడా కుడి చంక కిందే కట్టి ఉంది.

అక్కడ ముసల్మానులు కుడివైపు కడతారట, హిందువులు, జైనులు ఎడమవైపు. మా ఉస్తాదు ముసల్మాను, ఆయన నేర్పినట్టే నా చెయ్యి పోయింది. మా ఊళ్ళో పుట్టిన పూనంకు ఆ సంగతి తెలియదు, తెలిసిన సేటుకు శాలువాల్లో కనబడలేదు. ఉమర్ మాత్రం పెళ్ళికొడుకును కింద నుంచి పైదాకా చూసి, తన తమ్ముడిలాగే ఉన్నాడని మెచ్చుకున్నాడు.

మాసా నవ్వలేదు. పాకిస్తాను సరిహద్దు అక్కడికి ఎంతో దూరం లేదు. దేశం ముక్కలైన తర్వాత రెండువైపులా ఇళ్ళు కాలిన సంగతి అందరికీ తెలుసు. బంధువులు గుసగుసలాడుతున్నారు. మొక్కు వేళ దాటిపోతోంది. సేటు మొహం ఎర్రబడింది. "ఏం జేసినవ్ నర్సయ్యా" అన్నాడు. అంతే అన్నాడు. నాకు పట్నం జైలు గోడ, పసుపురాయి కాదు, నల్లరాయి, కళ్ళ ముందు కనబడింది.

భయంలో కూడా చేతికి బుద్ధి ఉంటుంది. అంగరఖాను తిరగేస్తే కుడి ఎడమవుతుంది. లోపలి కుట్టు పైకుట్టంత శుభ్రంగా ఉంది. నాడాలు విప్పి ఇటు పక్క కుడితే చాలు. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక గుర్తొచ్చింది, తిరగేస్తే బయటికొచ్చేది ఏమిటో.

అప్పటికే పూనం చొక్కా విప్పి నా చేతిలో పెట్టాడు. "జల్ది నర్సన్నా, సలి పెడుతున్నది."

గోడ నీడలో కూర్చుని నాడాలు విప్పాను. చుట్టూ నలభై మంది. సూదిలో దారం ఎక్కడానికి ఏడుసార్లు పట్టింది. కుట్టి, తిరగేసి, దులిపాను. మొత్తం ఎరుపు.

మాసా మొహం విచ్చుకుంది. ఎరుపు వాళ్ళకు శుభం. దర్జీ మంచి గుణవంతుడు, లోపల కూడా శుభమే దాచి కుట్టాడని అందరికీ వినబడేలా చెప్పింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఉల్లిగడ్డ తిన్న నెత్తే.

సేటు అంగరఖా అంచు రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపాడు. ముప్పై ఏళ్ళు గుడ్డ అమ్మిన వేళ్ళు. తెలుగులో, మెల్లగా, "నర్సయ్యా, గీ తాను యాడిది?" అన్నాడు.

"మీ దుకాణందే సేటూ."

ఆయన వేళ్ళు వదిలేశాయి. గుడిలోకి పోయాడు. మాసా ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతూ పోయింది. నేను బయట గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎల్లమ్మకు ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను.

తిరుగు రైలు, ఆ తర్వాత క్యాంపు

ఆరు రోజులు సేటు నాతో మాట్లాడలేదు. తిండి పెట్టించాడు, టికెట్టు కొన్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. పూనం పెళ్ళాంతో నవ్వడంలో మునిగి ఉన్నాడు. మన్మాడులో సేటే చాయ తెచ్చి నా చేతిలో పెట్టి, నన్ను చూడకుండానే పోయి కూర్చున్నాడు. దాన్నిబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.

ఊళ్ళో దిగి ఇంటికి కూడా పోకుండా క్యాంపుకు నడిచాం. అఫ్సరు పట్టీ తెరిచాడు. "చెప్పు సేటు. ఇతను ఎర్రజెండాలు కుట్టాడా, లేదా?"

సేటు గొంతు సవరించుకున్నాడు. "కుట్టిండు సాబ్."

నేను తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

"గుడ్డ నేనమ్మిన. ఎందుకో ఎరిగే అమ్మిన. అద్దమరాత్రి తలుపు కొట్టినోళ్ళకు లేదనే ధైర్నం నాకు లేకుండె, ఈనకు లేకుండె. రాస్తే ఇద్దరి పేర్లు రాయున్రి. నా పేరు పైన రాయున్రి. గుడ్డ ముంగల, కుట్టు ఎన్క."

అఫ్సరు తల ఎత్తి సేటును చూశాడు. పగిడీ, చెవి పోగులు, బంగారు గుండీలు, బొజ్జ. సంగంవాళ్ళకు భయపడి రెండుసార్లు పట్నం పారిపోయిన మనిషి. అఫ్సరు కలం ఎత్తాడు, రాయబోయాడు, ఆగాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు. టోపీ తీసి బల్ల మీద పెట్టి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. బయట కాపలా జవానును పిలిచి, కమ్యూనిస్టును చూస్తావా, ఇదిగో అని సేటును చూపించాడు. నవ్వు ఆగాక నా పేరు మీద అడ్డంగా గీత గీసి, పొండన్నాడు.

బయటికొచ్చాక సేటు రాయి మీద కూలబడ్డాడు.

"ఎందుకు జెప్పినవ్ సేటూ? ఇద్దర్ని లోపలేస్తె?"

"గుళ్ళకు పోయినంక మా అమ్మ అడిగింది, గీ ఎర్ర గుడ్డ ఎక్కడిదని. నర్సయ్య తెచ్చిండు, నాకు తెల్వదన్న. దేవుని ముంగట నిలబడి నీ మీదికి తోసిన. గప్పటి సంది ముద్ద దిగుతలేదు. నీ మొఖం సూడబుద్ధి గాలే."

ఆరు రోజులు ఒకే పెట్టెలో, ఎదురెదురు బల్లల మీద, ఆయన కోపానికి నేను భయపడుతూ, నా మొహానికి ఆయన భయపడుతూ కూర్చున్నాం. నాకు నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. సేటు పగిడీ కొంగు లాగి నా చేతికిచ్చాడు.

"కండ్లు తుడుచుకో. ఎల్లమ్మ సూస్తె జైలుకు పోతున్నవనుకుంటది."